పక్కింటి చైనా అమ్మాయికి ఇంగ్లీషు చెప్పబోయి నేనే బోల్తా పడ్డా

సుజాత_షెన్‌జెన్

విశాఖలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు ఇంగ్లీషు చెప్పాను. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్లుగా షెన్‌జెన్‌లో ఉంటున్నాం. ఎదురు ఫ్లాట్ వాళ్లమ్మాయి సీనియర్ హైస్కూల్ రెండో ఏడు చదువుతోంది, అంటే మన లెక్కలో ఇంటర్ ఫస్టియర్ లాంటిది. వచ్చే ఏడాది జూన్‌లో గావ్‌కావ్, అంటే ఇక్కడి యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష, రాయాలి. నాకు ఇక్కడి కూరగాయల మార్కెట్లో బేరమాడటం నేర్పింది వాళ్లమ్మే. ఆవిడే వచ్చి "మా పిల్లకి ఇంగ్లీషులో కాస్త సాయం చెయ్యి" అంటే కాదనలేకపోయాను. ఆదివారం రెండు గంటలు కూర్చుంటున్నాం. డబ్బు మాట లేదు, డంప్లింగ్స్ మాట ఉంది.

సమస్య ఏమిటంటే ఆ పిల్లకి నాకు తెలియని పదాలు కూడా తెలుసు. కానీ "స్కూల్లో ఏం జరిగింది ఈరోజు" అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు. సరే, పేపర్ చేయిద్దాం అని తన ప్రాక్టీస్ పుస్తకం తీశా. ఒక కథలో 15 ఖాళీలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ఇద్దరం విడివిడిగా చేశాం. తనకి 10, నాకు 11! తర్వాత గ్రామర్ ఖాళీలు పది. నాకు తొమ్మిది వచ్చాయి, తనకి ఆరు. హమ్మయ్య అనుకునేలోపు "ఆయీ, ఇక్కడ ఐఎన్‌జీ ఎందుకు వచ్చింది?" అని అడిగింది (ఆయీ అంటే ఆంటీ). "అలా అంటేనే బాగుంటుంది" అన్నా. నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మాట్లాడించాలా, పదాలు బట్టీ పట్టించాలా, పేపర్లే చేయించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పిడకలవేట

తొమ్మిదేళ్ల సర్వీసు, పదిహేనుకి పదకొండు. మీ పాత స్కూల్ వాళ్ల కంట ఈ పోస్టు పడకూడదని మొక్కుకుంటున్నా.

గోపాలం_మాస్టారు

ఇందులో అయోమయపడాల్సింది ఏముందమ్మా. పునాది లేకుండా ఏ పేపర్ చేయించినా గోడ నిలవదు. ముందు పన్నెండు టెన్సులూ అప్పజెప్పించు. తర్వాత వాయిస్, తర్వాత డైరెక్టు ఇన్‌డైరెక్టు. రోజుకి ఇరవై వాక్యాల్లో తప్పులు దిద్దించు. జూనియర్ కాలేజీలో ముప్పై మూడేళ్లు ఇదే చేశాను, ఎవరూ ఫెయిల్ అవలేదు.

ఎంసెట్_బాధితుడు

మాస్టారూ, మన ఇంటర్లో ఇంగ్లీషు ఫెయిలవడమే కష్టం కదండీ :) మా కార్పొరేట్ కాలేజీలో ఇంగ్లీషు పీరియడ్ అంటే ఫిజిక్స్ అసైన్‌మెంట్ పూర్తి చేసుకునే టైమ్. ఎంట్రన్స్‌లో ఇంగ్లీషు లేదు కాబట్టి ఎవడూ పట్టించుకోలేదు. అక్కడ ఇంగ్లీషుకి ఎన్ని మార్కులో?

హాంగ్‌జౌ_లలిత

150. లెక్కలకీ 150, చైనీస్‌కీ 150, ఇంగ్లీషుకీ 150. మన దగ్గరలా దాన్ని పక్కన పెట్టేస్తే సీటు పోయినట్టే. 2024లో కోటీ 34 లక్షల మంది పైగా పేర్లిచ్చిన పరీక్ష అది. ఒక్క మార్కు తేడాలో ఎన్ని వేల ర్యాంకులు కిందకి పోతాయో ఊహించుకోండి.

వుహాన్_డాక్టర్

ఎంబీబీఎస్ వుహాన్‌లో చేశా. మాకు చైనీస్, వాళ్లకి ఇంగ్లీషు అని లోకల్ విద్యార్థులతో మార్చుకునేవాళ్లం. గోపాలం మాస్టారికి గౌరవంగానే చెబుతున్నా, వాళ్లకి అప్పజెప్పడం మనం నేర్పక్కర్లేదు. తెల్లారకముందే క్లాసులో నిలబడి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా చదువుతారు, దానికి "పొద్దుటి చదువు" అని పీరియడే ఉంటుంది. రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. ప్రతి పరీక్షలో తప్పు పోయిన ప్రశ్నల్ని విడిగా ఒక నోటుబుక్‌లో ఎక్కిస్తారు. మా స్నేహితుడి దగ్గర అలాంటివి ఎర్ర పెన్నుతో, నీలం పెన్నుతో నాలుగు ఉండేవి. ఇంకో పుస్తకం 3500 పదాలది. ఎ నుంచి జెడ్ దాకా వరస. మొదటి పదం అబాండన్, అంటే వదిలెయ్. ప్రతి సెలవులకీ మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెడతారు, మొదటి పేజీలోనే వదిలేస్తారు. అక్కడ అందరికీ తెలిసిన జోకు ఇది.

పిడకలవేట

మన భగవద్గీత కూడా అంతే. మా ఇంట్లో అందరికీ మొదటి శ్లోకం మాత్రం కంఠతా వచ్చు.

వీసా_వెంకట్

సుజాత గారూ, డబ్బు తీసుకోకపోవడం మంచిదయింది. తీసుకోకండి కూడా. ఫ్యామిలీ వీసా మీద ఉన్నవాళ్లు పని చేయకూడదు. ఇంగ్లీషు టీచర్ వర్క్ పర్మిట్ మన పాస్‌పోర్టుకి దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్న అందరికీ తెలుసు. డంప్లింగ్స్ వరకు పర్వాలేదు.

కూకట్‌పల్లి_టీచరమ్మ

2021 దాకా నేను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చైనా పిల్లలకి చెప్పాను. ఆ జులైలో వాళ్ల ప్రభుత్వం విదేశాల్లో ఉండే టీచర్లతో ట్యూషన్లు చెప్పించకూడదని రూలు పెట్టింది. కంపెనీ పేరెందుకు లెండి, ఒక మెయిల్ పంపి క్లాసులన్నీ ఆపేశారు. ఆఖరి నెల డబ్బులు ఇంకా రాలేదు.

అసలు విషయానికి వస్తే, "ఈరోజు ఏం జరిగింది" అని అడిగితే ఏ పిల్లా మాట్లాడదు, మన పిల్లలు మాత్రం మాట్లాడతారా? "హౌ ఆర్ యూ" అంటే మాత్రం నిద్రలో లేపినా "ఫైన్, థాంక్యూ, అండ్ యూ" అంటారు, అది వాళ్ల తరాల నాటి పాఠం. అందుకే నేను రెండిట్లో ఒకటి ఎంచుకోమనేదాన్ని. "క్యాంటీన్లో ఈరోజు చేప దరిద్రంగా ఉందా, గుడ్డు దరిద్రంగా ఉందా?" అంతే, క్యాంటీన్ మీద కోపం ఇంగ్లీషులో తన్నుకొచ్చేది.

సుజాత_షెన్‌జెన్

@కూకట్‌పల్లి_టీచరమ్మ ఇది బాగుంది, ఈ ఆదివారం చేపతోనే మొదలుపెడతా. @వుహాన్_డాక్టర్ తన దగ్గరా ఆ తప్పుల నోటుబుక్ ఉంది. నా కన్నా చేతిరాత బాగుంది, ప్రింటు వేసినట్టు.

వుహాన్_డాక్టర్

గుండ్రంగా, అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటే అది హంగ్‌ష్వేయ్ రాత అయ్యుంటుంది. హబేయ్ రాష్ట్రంలో హంగ్‌ష్వేయ్ హైస్కూల్ అని ఉంది, మన గురుకులానికీ కార్పొరేట్ కాలేజీకీ పుట్టినట్టుంటుంది. అక్కడి పిల్లల ఇంగ్లీషు చేతిరాత దేశమంతా పాకింది. జవాబు పత్రాలు స్కాన్ చేసి తెర మీద దిద్దుతారు కాబట్టి రాత స్పష్టంగా ఉంటే లాభం అని నమ్మకం. ఆ రాత చూసి దిద్దుకునే కాపీ పుస్తకాలు కూడా అమ్ముతారు.

హాంగ్‌జౌ_లలిత

పేపర్ ఎలా ఉంటుందో చెప్పకుండా సలహాలిస్తే లాభం లేదు. మా పక్క ఇంట్లో ఇద్దరు రాశారు, కాబట్టి నాకు బట్టీ వచ్చేసింది.

ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్న కొత్త పేపర్లో వినడం 30 మార్కులు. చదవడం 50. అందులో నాలుగు పాసేజీల మీద 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర. ఆ తర్వాత ఒక పాసేజీలో ఐదు వాక్యాలు తీసేసి, కింద ఏడు ఇచ్చి, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పమంటారు, రెండు మిగిలిపోతాయి. పిల్లలు దాన్ని "ఏడులో ఐదు" అనే పిలుస్తారు. క్లోజ్, అంటే సుజాత గారు చేసిన కథలో ఖాళీలు, 15 ఖాళీలకి 15, గ్రామర్ 10 ఖాళీలకి 15. చివర రాయడం 40: 80 పదాల ఉత్తరం లాంటిది 15 మార్కులకి, సగం కథ ఇచ్చి మిగతాది 150 పదాల్లో పూర్తి చేయడం 25 మార్కులకి.

అంటే గ్రామర్ విడిగా అడిగేది 150లో 15. గోపాలం మాస్టారి టెన్సులు, వాయిస్ అన్నీ కలిపి ఆ పదిహేనే. చదవడం దానికి మూడు రెట్లు పైన. ఇంకో మాట, తప్పులు దిద్దే ప్రశ్న పాత జాతీయ పేపర్లో ఉండేది, పది తప్పులకి పది మార్కులు. కొత్తదాంట్లో తీసేశారు.

సుజాత గారూ, మీ షెన్‌జెన్ గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం కదా. అక్కడ వినడం, మాట్లాడటం విడిగా కంప్యూటర్ ముందు పెడతారు, 20 మార్కులు. వీడియోలో గొంతుని అనుకరిస్తూ చదవాలి, ప్రశ్నలు అడగాలి, విన్న కథ తిరిగి చెప్పాలి. కాబట్టి "మాట్లాడించాలా" అనే మీ ప్రశ్నకి జవాబు, అవును.

గోపాలం_మాస్టారు

గ్రామర్ పదిహేను మార్కులే అంటే మిగతా 135కీ గ్రామర్ అక్కర్లేదా తల్లీ? వాక్యం అర్థం కాకపోతే పాసేజీ ఎలా చదువుతుంది?

హాంగ్‌జౌ_లలిత

అప్పజెప్పడం వల్ల వాక్యం అర్థం కాదు మాస్టారూ, అంతే నేననేది.

భాషాపిపాసి

ఇద్దరూ ఒకే చోటికి వస్తున్నారు, నన్ను మధ్యలో దూరనివ్వండి. కొంచెం పొడుగవుతుంది.

చైనీస్‌లో క్రియ రూపం మారదు. నిన్న వెళ్లినా రేపు వెళ్లినా, నేను వెళ్లినా ఆమె వెళ్లినా మాట అదే. "నిన్న" అని చెబితే చాలు, కాలం తెలిసిపోయినట్టే. ఇక పనులు వరసగా ఉంటే క్రియలన్నీ పక్కపక్కన పేర్చేస్తారు: అతను వెళ్లు, కూరలు కొను, వంట చేయు. అలా అలవాటైన పిల్ల ఇంగ్లీషులో ఒకే వాక్యంలో మూడు అసలు క్రియలు పెట్టేస్తుంది.

మనం ఏమంటాం? "వెళ్లి, కూరలు కొని, వంట చేశాడు." చేశాడు సమాపకం, వాక్యాన్ని ముగించే క్రియ. వెళ్లి, కొని అసమాపకాలు, ముగించనివి. ఆరో తరగతిలో చదివి మర్చిపోయిన ముక్కే. సుజాత గారూ, మీ ఐఎన్‌జీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. "వాకింగ్ అలాంగ్ ద రివర్, షి సా ఎ డాగ్." చూసింది అనే సమాపకం అప్పటికే ఉంది, కలిపే "అండ్" లేదు, కాబట్టి నడక "నడుస్తూ" అవ్వాల్సిందే. గ్రామర్ ఖాళీల్లో బ్రాకెట్లో క్రియ ఇస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యంలో సమాపకం ఉందా, లేదా? లేకపోతే టెన్స్ చూడాలి, కర్త ఒకరా ఎక్కువమందా చూడాలి. ఉంటే ఐఎన్‌జీయా, ఈడీయా, ముందు "టు"నా అని చూడాలి. చైనా టీచర్లు కూడా సరిగ్గా ఇదే విభజన చెబుతారు. మీ పిల్ల రూల్ అడిగింది అంటే ఆ రూల్ పేరు తనకి తెలుసు, ఎక్కడ వాడాలో తెలియదు.

ఇంకోటి. "నిన్న కొన్న పుస్తకం" అంటాం మనం. చైనీస్‌లోనూ వరస అదే, వర్ణన అంతా ముందు, పుస్తకం చివర. ఇంగ్లీషులో పుస్తకం ముందొచ్చి తోక వెనకొస్తుంది. నాలుగు పాసేజీల్లో చివరి రెండూ, సి, డి అనేవి సైన్సు, పరిశోధనల మీద ఉంటాయి. వాటిలో తోకకి తోక, దానికింకో తోక. పిల్లలు పడిపోయేది పదాల దగ్గర కాదు, అక్కడ. మీరు తెలుగువాళ్లు కాబట్టి ఈ ఇబ్బంది మీకు లోపలి నుంచి తెలుసు. అమెరికా టీచర్‌కి తెలియదు.

"హి", "షి" తారుమారు చేస్తే మాత్రం తిట్టకండి. చైనీస్‌లో రెండిటికీ పలుకు ఒకటే, రాతలోనే తేడా.

గోపాలం_మాస్టారు

సమాపకం అసమాపకం అని తెలుగులో చెప్పి ఇంగ్లీషు నేర్పవచ్చని ముప్పై మూడేళ్లలో నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. తెలుగు లెక్చరర్ పక్క గదిలోనే ఉండేవాడు, టీ కలిసే తాగేవాళ్లం.

పిడకలవేట

మాస్టారు ఒప్పుకున్నారు. ఈ చర్చని అడ్మిన్ గారు పైన పిన్ చేయాలి.

చెంగ్డు_కారం

పదాల సంగతి ఎవరూ తేల్చలేదు. మా ఆఫీసులో కుర్రాళ్లు మెట్రోలో ఫోన్‌లో బొమ్మ చూసి పదం నొక్కే యాప్ ఆడుతుంటారు. అది పనికొస్తుందా?

వుహాన్_డాక్టర్

మొహం గుర్తుపట్టడానికి పనికొస్తుంది, మనిషి స్వభావం తెలుసుకోవడానికి కాదు. వాళ్ల బట్టీలో ఒక పదానికి ఒకే చైనీస్ అర్థం ఉంటుంది. బుక్ అంటే పుస్తకం, సీజన్ అంటే ఋతువు, అడ్రస్ అంటే చిరునామా. పేపర్లో మాత్రం గది బుక్ చేస్తారు, కూరలో మసాలా వేసి సీజన్ చేస్తారు, సమస్యని అడ్రస్ చేస్తారు. తెలిసిన మాటకి తెలియని అర్థం అని దానికి వాళ్ల దగ్గర ఒక పేరే ఉంది, మొత్తం నాలుగక్షరాలు. 2017 కరికులం ప్రకారం హైస్కూల్ అయ్యేసరికి దాదాపు 3000 పదాలు రావాలి. అన్నీ వచ్చినా ఈ మాయ దగ్గర బోల్తా కొడతారు.

అయినా నా ఓటు పేపర్లకే. ఇంకా ఏడాదే ఉంది, ఇప్పుడు నవలలు చదివించే టైమ్ కాదు. రోజుకో క్లోజ్, రోజుకి రెండు పాసేజీలు, గడియారం పెట్టి. పరీక్ష రెండు గంటలే.

హాంగ్‌జౌ_లలిత

డాక్టర్ తమ్ముడూ, ఆ పిల్ల స్కూల్లో వారమంతా అదే చేస్తోంది. ఆదివారం కూడా ఏడో పేపర్ చేయించడానికి సుజాత గారు ఎందుకు? ప్రింటర్ చాలు.

మా పక్కింటి పెద్దవాడికి క్లోజ్‌లో ఎప్పుడూ 9, 10 దగ్గర ఆగిపోయేది. వాళ్ల నాన్న ఒక పని చేశాడు. ఆప్షన్ల మీద కాగితం కప్పేసి, కథ మొత్తం ఖాళీలతోనే చదివించి, "ఏం జరిగింది?" అని చైనీస్‌లో చెప్పమనేవాడు. ఆ తర్వాత ఖాళీలో తనకి తోచిన మాట పెట్టమనేవాడు. అప్పుడు కాగితం తీసేవాడు. క్లోజ్ అంటే గ్రామర్ కాదు, పదాలూ కాదు, కథలో మనిషికి ఆ క్షణంలో ఎలా ఉందో పట్టుకోవడం. నాలుగు ఆప్షన్లూ గ్రామర్ ప్రకారం సరిపోతాయి, కథ ప్రకారం ఒక్కటే సరిపోతుంది. సుజాత గారికి పదకొండు వచ్చింది అందుకే అనుకుంటా, ఒక్కో ఖాళీ దగ్గర ఆగి చేసి ఉంటారు.

సుజాత_షెన్‌జెన్

అవును, సరిగ్గా అలాగే చేశా. దొరికిపోయాను.

కూకట్‌పల్లి_టీచరమ్మ

ఆ కథ పూర్తి చేసే ప్రశ్న గురించి చెప్పాలి. నా దగ్గర ఒక పెద్ద పిల్ల ఉండేది, దాని కోసం బట్టీ పట్టిన వాక్యాల జాబితా చూపించింది. ఏడవడానికి పదిహేను వాక్యాలు, భయానికి పది, ఆనందానికి పది. కథ ఏదైనా సరే రెండో పేరాలో కళ్లలో నీళ్లు సుడులు తిరగాల్సిందే, గుండె దడదడలాడాల్సిందే, చివరికి సూర్యుడు మేఘాల చాటు నుంచి రావాల్సిందే. కుక్కపిల్ల తప్పిపోయినా అదే, పరుగు పందెం ఓడినా అదే.

పిడకలవేట

మన సీరియల్ రైటర్లు ఎక్కడ ట్రైనింగ్ అయ్యారో తెలిసింది.

చెంగ్డు_కారం

లీ హువా గురించి ఎవరూ చెప్పరేంటి? ఉత్తరం రాసే ప్రశ్నలో ఎప్పుడూ "నువ్వు లీ హువా అనుకో" అని ఉంటుంది. ఏళ్ల తరబడి దేశంలో పిల్లలందరూ లీ హువాలే. ఆయన ఇంగ్లండ్ స్నేహితుడికి పండగ గురించి రాస్తాడు, టీచర్‌కి క్షమాపణ రాస్తాడు, కాగితం కత్తిరింపుల ఎగ్జిబిషన్‌కి రమ్మంటాడు. కోట్ల ఉత్తరాలు రాసినా ఒక్క జవాబూ రాలేదని మా ఆఫీసులో జాలిపడతారు.

ఎంసెట్_బాధితుడు

మన లీవ్ లెటర్లో రాముడు లాగా. జ్వరం తప్ప వేరే జబ్బు ఎరగడు పాపం.

భాషాపిపాసి

@కూకట్‌పల్లి_టీచరమ్మ బట్టీ వాక్యాలు మరీ తీసిపారేయకండి. పరాయి భాషలో ముందు అరువు మాటలతోనే మొదలవుతుంది. కాకపోతే ఇచ్చిన కథలో ఉన్న వస్తువుని పట్టుకోవడం నేర్పాలి. మొదటి సగంలో నాన్న టోపీ కనపడితే రెండో సగంలో ఆ టోపీ మళ్లీ రావాలి, సూర్యుడు కాదు.

సుజాత_షెన్‌జెన్

మూడు ఆదివారాల తర్వాత మళ్లీ వస్తున్నా. చెప్పినవన్నీ చేయలేదు, చేసినవి చెబుతా.

చేప పనిచేసింది. క్యాంటీన్ మీద ఐదు నిమిషాలు మాట్లాడింది, మధ్యలో "హి" అంటూ వంటావిడని తిట్టింది. నేను దిద్దలేదు.

సమాపకం సంగతి నేను తెలుగులో ఆలోచించి, తనకి కాగితం మీద గీసి చూపించా. ఒక వాక్యానికి ఒక ఇంటిపెద్ద, మిగతా క్రియలు తోక ఊపుకుంటూ వెనకే రావాలి అని. తన నోటుబుక్‌లో ఇంటిపెద్ద బొమ్మకి మీసాలు పెట్టింది. గ్రామర్ ఖాళీలు ఆరు నుంచి ఎనిమిదికి వచ్చాయి. క్లోజ్ మాత్రం కాగితం కప్పి చేసినా ఒకసారి 12, ఒకసారి 9. నిలకడ లేదు. పాసేజీ డి ఇంకా ఇద్దరికీ గండమే.

లీ హువా మాట చెబితే పడీపడీ నవ్వి, "ఆయీ, నువ్వు జవాబు రాయి" అంది. సరే అని ఇంగ్లండ్ స్నేహితుడి పేరుతో ఒక పేజీ రాశా. గోపాలం మాస్టారి మాట కూడా పోకుండా అందులో కావాలని పది తప్పులు పెట్టా: ఎస్ మింగేయడం, "ఆల్దో" తర్వాత "బట్" వేయడం, ఒక వాక్యంలో ఇద్దరు ఇంటిపెద్దలు, ఇలాంటివి. పరీక్షలో లేకపోయినా సరదాకే. ఎర్ర పెన్ను తీసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంది.

పదకొండు పట్టుకుంది. నేను పెట్టని ఆ పదకొండోది "డిస్కస్ అబౌట్". డిస్కస్ పక్కన అబౌట్ రాదట. వెంటనే డిక్షనరీ తీసి చూశా. నిజమే రాదు. తొమ్మిదేళ్లు బోర్డు మీద రాశాను.

గోపాలం_మాస్టారు

నేనూ రాశానమ్మా. ముప్పై మూడేళ్లు.

పిడకలవేట

మళ్లీ పదకొండే. మీ ఇంట్లో స్కోరు అక్కడ దాటేట్టు లేదు.